కారు కొన్న 41 రోజులకే కొత్త మోడల్ వచ్చింది! ఎందుకిలా జరుగుతుంది, ముందే ఎలా కనిపెట్టాలి?

పోయిన ఆదివారం ఆదిలాబాద్ నుంచి మా బావ ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, కారు చూసొచ్చిన. 55 వేలు తగ్గిస్తరట. ఆఫర్ ఇయ్యాల రేపే ఉంటదట, బుక్ చేయమంటుండు. ఏమంటవ్?"

డిస్కౌంట్ అన్న మాట వినగానే నాకు గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఇదే మాట నమ్మి నేను మా బాపుతో ఒక కారు కొనిపించాను. ఈ సైట్‌లో మనం రోజూ మాట్లాడుకునేది ఫోన్ల గురించే. "అన్నా, ఇప్పుడు కొనాలా, నెక్స్ట్ మోడల్ కోసం ఆగాలా" అని మీరు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పేది నాలాంటి వాళ్లమే. ఏ ఫోన్ ఏ నెలలో వస్తుందో, దాంట్లో ఏ ప్రాసెసర్ ఉంటుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అలాంటి నేను, ఇంట్లో అన్నిటికంటే ఖరీదైన వస్తువు కొనేటప్పుడు ఆ ఒక్క ప్రశ్న సరిగ్గా అడగలేదు.

మాది గోదావరిఖని. బాపు సింగరేణిలో పని చేస్తాడు. మా కోల్‌బెల్ట్‌లో దసరా అంటే కార్ల సీజన్, ఎందుకంటే లాభాల వాటా పైసలు ఆ టైంలోనే అకౌంట్లో పడతాయి. బాపు "నువ్వు ఇంజినీరింగ్ చదివినవ్, ఏది మంచిదో నువ్వే చెప్పు" అన్నాడు. నేను ఎక్సెల్ షీట్ తయారుచేశాను. మైలేజీ, బూట్ స్పేస్, సర్వీస్ ఖర్చు, స్క్రీన్ సైజు ఇలా 18 కాలమ్‌లు. "ఈ మోడల్ ఎప్పుడు లాంచ్ అయింది" అనే కాలమ్ మాత్రం లేదు.

కరీంనగర్ షోరూంలో 60 వేలు తగ్గించారు. "కొత్తది ఏమన్నా వస్తుందా అన్నా?" అని అడిగాను. "ఇప్పట్లో ఏం లేదు సార్" అన్నాడు. కంపెనీ పేరు, మోడల్ పేరు ఇక్కడ చెప్పను, దాంతో పని లేదు. కొండగట్టుకు తీసుకుపోయి పూజ చేయించాం, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించాం, మిఠాయిలు పంచాం. సరిగ్గా 41వ రోజు అదే కారు కొత్త రూపంలో లాంచ్ అయింది. స్క్రీన్ పెద్దది, ఎయిర్‌బ్యాగ్‌లు ఎక్కువ, ఎక్స్-షోరూమ్ ధర తేడా మాత్రం 20 వేలే.

నేను ఇంట్లో చెప్పలేదు. కానీ బాపుకు డ్యూటీ దగ్గర తెలిసిపోయింది. "ఏందే, పాత స్టాక్ నీకు అంటగట్టిండ్రా?" అని ఎవరో అన్నారట. ఆ రోజు సాయంత్రం నన్ను ఒకటే అడిగాడు.

"మన దాంట్ల బుగ్గలు ఎన్నున్నయ్ రా?"

బుగ్గలంటే ఎయిర్‌బ్యాగ్‌లు. రెండు అని చెప్పాను.

"అమ్మ ఎనుక కూసుంటది గదా" అన్నాడు. అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అప్పటి నుంచి ఈ విషయం మీద నేను చాలా చదివాను, తెలిసిన వాళ్లను అడిగాను. బావకు ఫోన్‌లో గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఇది మనకు ఒక్కరికే జరిగేది కాదు

మహీంద్రా ఎక్స్‌యూవీ 300 సంగతి చూడండి. 7.99 లక్షల నుంచి మొదలయ్యేది. 2024 ఏప్రిల్ 29న దాన్నే బాగా మార్చి ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ పేరుతో తెచ్చారు. ప్రారంభ ధర 7.49 లక్షలు. అంటే కొత్తది పాతదానికంటే తక్కువకు మొదలైంది! పైగా అన్ని వేరియంట్లలో ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, పై వేరియంట్లలో పనోరమిక్ సన్‌రూఫ్, లెవెల్ 2 అడాస్. బుకింగ్ మొదలైన గంటలో 50 వేలు దాటాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో, మార్చిలో డిస్కౌంట్ చూసి ఎక్స్‌యూవీ 300 తీసుకున్న వాళ్లకు ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

అంతకుముందు ఎక్స్‌యూవీ 400 ఈవీకి కూడా ఇలాగే అయింది. 2023 జనవరిలో 15.99 లక్షల ప్రారంభ ధరతో వచ్చింది. ఏడాది తిరగగానే, 2024 జనవరిలో, "ప్రో" వచ్చింది. 7 అంగుళాల స్క్రీన్ పోయి రెండు 10.25 అంగుళాల స్క్రీన్‌లు వచ్చాయి, ప్రారంభ ధర 15.49 లక్షలు.

టాటా నెక్సాన్ 2023 సెప్టెంబర్ 14న మారింది. పాతదాంట్లో రెండు ఎయిర్‌బ్యాగ్‌లు, కొత్తదాంట్లో బేస్ వేరియంట్ నుంచే ఆరు. నెక్సాన్ ఈవీ కూడా అదే రోజు కొత్త రూపంలో వచ్చింది, తర్వాత ఐదు నెలలకే, 2024 ఫిబ్రవరిలో, దాని ధర 1.20 లక్షల దాకా తగ్గించారు. బ్యాటరీ సెల్‌ల ఖర్చు తగ్గింది కాబట్టి తగ్గించామన్నారు. నిజమే కావచ్చు, కానీ జనవరిలో కొన్నవాడికి ఆ కారణం ఎందుకు పనికొస్తుంది?

చిన్న కార్లలో ఇంకా ఎక్కువ మందికి తగిలింది 2025 మే నెలలో. వ్యాగన్ఆర్, ఆల్టో కే10, సెలెరియో, ఈకో అన్నిటికీ ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు స్టాండర్డ్ అని మారుతీ ప్రకటించింది. మా దగ్గర చిన్న ఉద్యోగులు కొనేవి ఎక్కువగా ఇవే కార్లు.

మోడల్ మారకుండా ధర ఒక్కటే మారిన సందర్భాలు వేరే. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద పన్ను, సెస్సుతో కలిపి ఉన్న 29 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. 8 లక్షల ఎక్స్-షోరూమ్ కారుకు లెక్క వేస్తే దాదాపు 68 వేలు తగ్గాలి. మన తెలంగాణలో 5 నుంచి 10 లక్షల కారుకు లైఫ్ ట్యాక్స్ 14 శాతం కాబట్టి, అది కూడా కలిపితే 77 వేలు. ఆగస్టు 15న ఎర్రకోట నుంచి ప్రధాని చెప్పేదాకా షోరూంలో సేల్స్‌మన్‌కు కూడా ఇది తెలియదు. శ్రావణమాసం అని ఆగస్టు మొదటి వారంలో డెలివరీ తీసుకున్న వాళ్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు.

ఈవీల విషయంలో మన రాష్ట్రంలో ఇంకోటి జరిగింది. 2020 పాలసీలో మొదటి 5,000 ఎలక్ట్రిక్ కార్లకే రోడ్ ట్యాక్స్ మినహాయింపు ఉండేది. 2024 నవంబర్‌లో జీవో 41తో ఆ పరిమితి తీసేసి, 2026 డిసెంబర్ 31 దాకా ఈవీలన్నిటికీ రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేశారు. ప్రకటించింది మన పాత కరీంనగర్ ఎంపీ, రవాణా మంత్రి పొన్నం ప్రభాకర్. కోటా అయిపోయాక, ఆ జీవోకు ముందు కొన్నవాళ్లు మధ్యలో ఇరుక్కున్నారు.

అసలు మనం పోగొట్టుకున్నదేంటి?

"మోసపోయాం" అనే ఒక్క మాటలో మూడు వేరే వేరే నష్టాలు కలిసిపోతాయి. నేను కూడా మొదట్లో కలిపేసుకుని ఊరికే బాధపడ్డాను.

ఒకటి పైసలు. మా బాపు కారుకు 60 వేలు తగ్గింది, కొత్తది 20 వేలు ఎక్కువ. అంటే ఆ రోజు రెండిటి మధ్య తేడా 80 వేలు. ఈ కోణంలో మేము పోగొట్టుకున్నది పెద్దగా లేదు, పాతదని తగ్గించే ఇచ్చారు. ఏ డిస్కౌంట్ లేకుండా పాతది కొన్నవాడికి మాత్రం ఇది నిజమైన నష్టం.

రెండోది రీసేల్. ఇన్సూరెన్స్ వాళ్ల టేబుల్‌కు ఫేస్‌లిఫ్ట్ గురించి తెలియదు. ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, అలా ఐదేళ్లకు 50 శాతం తరుగు. కొత్త మోడల్ వచ్చినా రాకపోయినా లెక్క అంతే. కానీ పాత కార్లు కొనేవాడు అలా చూడడు. "ఇది పాత షేపు" అనే మాటతోనే బేరం మొదలుపెడతాడు. మూడేళ్లకే అమ్మేద్దాం అనుకునేవాడికి ఇది గట్టిగా తగులుతుంది. పదేళ్లు నడిపేవాడికి పెద్ద తేడా ఉండదు, ఎందుకంటే అప్పటికి రెండు షేపులూ పాతవే.

మూడోది కారులో లేని వస్తువు. దీంట్లో కూడా స్క్రీన్ వేరు, ఎయిర్‌బ్యాగ్ వేరు. బాపు అడిగింది రెండోదాని గురించే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ చెబుతాను.

రెండు ఎయిర్‌బ్యాగ్‌ల కారు అంటే డ్రైవర్‌కు ఒకటి, పక్కన కూర్చున్నవాళ్లకు ఒకటి. వెనక సీటుకు ఏమీ ఉండదు. ఆరు అంటే అదనంగా ముందు సీట్లకు పక్క నుంచి రెండు, ఇంకా ముందు నుంచి వెనక దాకా కిటికీల వెంట తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌లు రెండు. పక్క నుంచి గుద్దినప్పుడు వెనక కూర్చున్నవాళ్ల తలను కాపాడేవి ఈ కర్టెన్‌లే. అంటే బాపు ప్రశ్న అడగాల్సిన ప్రశ్నే.

అలాగని ఎయిర్‌బ్యాగ్‌ల సంఖ్య ఒక్కటే చూసి భయపడొద్దు. 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ టెస్టులో నెక్సాన్ పెద్దవాళ్ల భద్రతకు 5 స్టార్లు తెచ్చుకుంది, రెండు ఎయిర్‌బ్యాగ్‌లతోనే. బాడీ గట్టిగా ఉండటం అంత ముఖ్యం. 2022 నుంచి ఆ టెస్టే కఠినమైంది, పక్క నుంచి గుద్దే టెస్టులు, ఈఎస్‌సీ కూడా లెక్కలోకి వచ్చాయి. కాబట్టి రేటింగ్ చూసేటప్పుడు స్టార్లతో పాటు ఏ ఏడాది టెస్టు, ఏ వెర్షన్ కారు అన్నది కూడా చూడాలి. ఇక వెనక కూర్చునేవాళ్లకు బెల్టే మొదటి రక్షణ. మా ఇంట్లో ఇప్పుడు అమ్మ బెల్టు పెట్టుకోకపోతే బాపు బండి స్టార్ట్ చేయడు. చీర నలుగుతుందని ఆమె గొణుగుతూనే పెట్టుకుంటుంది.

ఫోన్‌కు అప్‌డేట్ వస్తుంది కదా, కారుకు ఎందుకు రాదు?

నా ఫ్రెండ్స్ చాలామంది అడిగే ప్రశ్న ఇది. ఇప్పటి కార్లలో స్క్రీన్, మ్యాప్, వాయిస్ కమాండ్, కెమెరా వ్యూ లాంటివి సాఫ్ట్‌వేర్‌తో మార్చగలరు, కొన్ని కంపెనీలు ఓటీఏ అప్‌డేట్‌లు ఇస్తున్నాయి కూడా. కానీ ఫేస్‌లిఫ్ట్‌లో వచ్చేవి ఎక్కువగా హార్డ్‌వేర్. అడాస్ పనిచేయాలంటే అద్దం వెనక కెమెరా ఉండాలి, చాలా కార్లలో ముందు భాగంలో రాడార్ కూడా ఉండాలి, అవి చెప్పినట్టు బ్రేకులు వేయగల సిస్టం ఉండాలి, ఇవన్నీ కలిపే వైరింగ్ ఉండాలి. ఎయిర్‌బ్యాగ్ ఇంకా కష్టం. సీటు లోపల, రూఫ్ అంచుల్లో దానికి చోటు ముందే డిజైన్ చేసి ఉండాలి. ఎంత దెబ్బకు, ఎన్ని మిల్లీసెకన్లలో తెరుచుకోవాలో ఆ కారు బాడీని నిజంగా గుద్ది చూసి సెట్ చేస్తారు. బయట ఎవరైనా "రెండు బుగ్గలు అదనంగా పెడతా" అంటే దగ్గరికి కూడా పోవద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ను మార్చకూడదు కూడా.

పెద్ద స్క్రీన్ మాత్రం పెట్టించుకోవచ్చు. వైర్లు కోయకుండా కప్లర్‌తో బిగించేదే చూడండి, వైర్ కోస్తే ఎలక్ట్రికల్ వారంటీ మీద పేచీ వస్తుంది.

అసలు ఈ బాధ ఇప్పుడే ఎక్కువ కావడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. అంబాసిడర్ 1950ల చివర్లో మొదలై 2014లో ఆగిపోయేదాకా దాదాపు అదే ఆకారంలో నడిచింది. మారుతీ 800 కూడా 1983 నుంచి 2014 దాకా, మధ్యలో ఒకసారి షేపు పూర్తిగా మారింది, తర్వాత చిన్న చిన్న మార్పులే. మా తాతల కాలంలో కారు పాతబడింది అంటే ఇంజిన్ అరిగిందనో, తలుపు తుప్పు పట్టిందనో అర్థం. ఇప్పుడు కారులో ట్యాబ్లెట్ ఉంది, సిమ్ ఉంది, కెమెరాలు ఉన్నాయి. అందుకే అది ఫోన్‌లాగే పాతబడుతోంది, కానీ లోన్ మాత్రం ఏడేళ్లు. 7 లక్షల లోన్, 9 శాతం వడ్డీ, 84 నెలలు అనుకుంటే ఈఎంఐ 11,262. మొదటి ఈఎంఐలో వడ్డీయే 5,250. 41 రోజుల్లో మేము కట్టింది ఆ ఒక్క ఈఎంఐ.

మరి అమ్మేసి కొత్తది తీసుకుంటే? నేను ఆ లెక్క కూడా వేశాను. 8 లక్షల కారు మీద కట్టిన 1.12 లక్షల లైఫ్ ట్యాక్స్ మన జేబులోకి తిరిగి రాదు. కొనేవాడు సెకండ్ ఓనర్ అవుతాడు కాబట్టి ఇంకా తగ్గించి అడుగుతాడు. కొత్త కారుకు మళ్లీ ట్యాక్స్, మళ్లీ ఇన్సూరెన్స్. నాలుగు ఎయిర్‌బ్యాగ్‌ల కోసం మూడు లక్షలు దాకా పోయేలా కనిపించింది, ఎక్సెల్ మూసేశాను.

కంపెనీలు ముందే ఎందుకు చెప్పవు?

దీనికి కంప్యూటర్ల చరిత్రలో ఒక పేరు ఉంది: ఆస్బోర్న్ ఎఫెక్ట్. ఆడమ్ ఆస్బోర్న్ అనే ఆయన 1981లో చేత్తో మోసుకెళ్లగలిగే కంప్యూటర్ తెచ్చాడు. 11 కిలోల బరువు, ధర 1,795 డాలర్లు, బాగా అమ్ముడుపోయింది. 1983లో దీనికంటే మంచిది రాబోతోందన్న కబురు ముందే బయటికి వచ్చింది. దాంతో డీలర్లు పాతదాని ఆర్డర్లు ఆపేశారు, చేతిలో పైసలు ఆడక అదే ఏడాది సెప్టెంబర్‌లో కంపెనీ దివాలా తీసింది అని చెబుతారు. అదొక్కటే కారణం కాదనే వాళ్లూ ఉన్నారు, కానీ ఆ పాఠం మాత్రం అన్ని కంపెనీలకూ ఎక్కింది. చిన్న విశేషం: ఈ ఆస్బోర్న్ బాల్యం తమిళనాడులోని తిరువణ్ణామలైలో గడిచింది. వాళ్ల నాన్న ఆర్థర్ ఆస్బోర్న్ రమణ మహర్షి భక్తుడు.

కారు డీలర్ దగ్గర ఇది ఇంకా పదునుగా ఉంటుంది. స్టాక్‌యార్డ్‌లో నిలబడ్డ ప్రతి కారు మీద డీలర్ వడ్డీ కడుతుంటాడు. కొత్తది వస్తుందని బయటపడితే ఆ కార్లన్నీ అక్కడే ఆగిపోతాయి. మాకు "ఏం లేదు సార్" అని చెప్పిన సేల్స్‌మన్‌కు నిజంగా తెలుసో తెలియదో నేను చెప్పలేను. తెలిసినా చెబితే అతని టార్గెట్ పోతుంది. అతని జవాబు మీద ఆధారపడటమే నా పొరపాటు.

ఆపిల్ కూడా ఈ దెబ్బ తిన్నదే. 2007 జూన్ చివర్లో 599 డాలర్లకు అమ్మిన ఐఫోన్‌ను సెప్టెంబర్‌లో 399కి తగ్గించింది. కొన్నవాళ్లు గొడవ చేస్తే స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాసి క్షమాపణ చెప్పి, 100 డాలర్ల స్టోర్ క్రెడిట్ ఇచ్చాడు. 2012 మార్చిలో మూడో ఐప్యాడ్ వచ్చింది, అక్టోబర్‌లోనే నాలుగోది. చైనాలో 2023 జనవరిలో టెస్లా ధరలు తగ్గిస్తే, అప్పుడే కొన్నవాళ్లు షోరూంల ముందు గుమిగూడారు. 2025 ఫిబ్రవరిలో బీవైడీ తన డ్రైవింగ్ అసిస్టెన్స్ సిస్టంను చవక కార్లకు కూడా ఇస్తానన్నప్పుడు, నెల కింద కొన్నవాళ్లది కూడా మా బాపు పరిస్థితే.

ముందే కనిపెట్టే దారులు

మొదట చూడాల్సింది ఆ మోడల్ వయసు. క్రెటా తేదీలు చూడండి: 2015 జూలైలో వచ్చింది, 2018 మేలో ఫేస్‌లిఫ్ట్, 2020 మార్చిలో కొత్త తరం, 2024 జనవరిలో మళ్లీ ఫేస్‌లిఫ్ట్. నెక్సాన్: 2017 సెప్టెంబర్, 2020 జనవరి, 2023 సెప్టెంబర్. స్విఫ్ట్ పూర్తి కొత్త తరాలు: 2005, 2011, 2018, 2024. గడియారంలా కచ్చితం కాదు, కానీ చివరి పెద్ద మార్పు జరిగి మూడేళ్లు దాటిన కారును కొంటున్నారంటే అనుమానించాల్సిందే. దీనికి ఏ లీకులూ అక్కర్లేదు, ఫోన్‌లో రెండు నిమిషాల పని. నా 18 కాలమ్‌లలో లేనిది ఇదే.

రెండోది రోడ్డు మీద నలుపు తెలుపు స్టిక్కర్లు చుట్టుకుని తిరిగే టెస్ట్ కార్ల ఫోటోలు. మీరు కొనబోయే మోడల్ ఫోటోలు అలా వరుసగా వస్తున్నాయంటే, లోపల డ్యాష్‌బోర్డ్ కూడా కనిపిస్తోందంటే, లాంచ్ ఎంతో దూరంలో లేనట్టే. ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ విషయంలో ఏప్రిల్ మొదటి వారంలో కంపెనీయే పేరు బయటపెట్టింది. నెలాఖరుకు కారు వచ్చేసింది.

మూడోది డిస్కౌంట్. బాగా అమ్ముడుపోయే కారు మీద, పండగ సీజన్‌లో, అడగకుండానే పెద్ద డిస్కౌంట్ ఇస్తున్నారంటే ఆగి ఆలోచించండి. డిసెంబర్‌లో ఏడాది మారుతుందని తగ్గించడం మామూలే, అది వేరే. ఇంకో మాట, ముహూర్తం కూడా మన మీద ఒత్తిడి పెడుతుంది. "మూఢం వస్తుంది సార్, ఈ వారంలో తీసుకోండి" అనే మాట సేల్స్‌మన్ నోట నేను చెవులారా విన్నాను.

నాలుగోది నాకు బాగా నచ్చిన ట్రిక్. షోరూంలో ఉన్న కారు కాకుండా, "ఈ వేరియంట్, ఈ కలర్, రెండు నెలల తర్వాత డెలివరీ కావాలి, ఫ్యాక్టరీ నుంచి ఆర్డర్ పెట్టండి" అని అడగండి. సరే అంటే మంచిదే. "ఆ కలర్ రాదు, ఉన్నవాటిలోనే తీసుకోవాలి" అని ఎటు తిరిగినా స్టాక్ దగ్గరికే వస్తే, ఫ్యాక్టరీలో దాని పని అయిపోయి ఉండవచ్చు. కొత్తది వస్తుందా అని అడిగితే తప్పించుకోగలరు, దీనికి తప్పించుకోవడం కష్టం.

బుకింగ్, బిల్లు ఒకటి కాదని కూడా గుర్తుపెట్టుకోండి. సాధారణంగా డెలివరీ రోజు ఉన్న ధరే వర్తిస్తుంది. జీఎస్టీ తగ్గినప్పుడు బుక్ చేసి ఇంకా బిల్లు కాని వాళ్లు లాభపడ్డారు. కాబట్టి అనుమానం ఉంటే బుకింగ్ దగ్గర ఆగండి, బిల్లు చేయనివ్వకండి.

బిల్లు చేసే రోజు ఫారం 21 చూడండి. దాంట్లో తయారైన నెల, సంవత్సరం రాసి ఉంటుంది. ఆరేడు నెలలు యార్డ్‌లో ఎండకు, వానకు ఉన్న బండి అయితే డిస్కౌంట్ ఇంకా అడగవచ్చు, బ్యాటరీ, టైర్లు చూసుకోవాలి.

ఇప్పటికే కొనేశారా?

మన దేశంలో కారును వారంలో తిరిగిచ్చే సౌకర్యం లేదు. తర్వాత మంచి మోడల్ రావడం చట్టం దృష్టిలో కారు లోపం కాదు, దాని మీద కోర్టుకు పోతే ఫలితం ఉంటుందని నేను అనుకోను. కానీ పోయిన ఏడాది తయారైన కారును ఈ ఏడాదిదని అమ్మినా, డెమో కారును కొత్తదని అంటగట్టినా అది వేరే కథ. 1915 నంబర్‌కు ఫోన్ చేయండి, కాగితాలతో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి.

లోన్ మీద కొన్నవాళ్లు రిటర్న్ టు ఇన్వాయిస్ అనే యాడ్-ఆన్ మొదటి మూడేళ్లు తీసుకోవడం మంచిది. బండి పోయినా, పూర్తిగా పాడైనా తరుగు లెక్క కాకుండా బిల్లు ధర వస్తుంది. మా కారుకు రెండో ఏడాది రెన్యువల్‌లో తీసుకున్నాం. మొదటి ఏడాదే తీసుకోవాల్సింది.

ఇక బావ సంగతి. అతను చూసిన కారుకు చివరి మార్పు జరిగి మూడేళ్లు దాటింది. ఫ్యాక్టరీ ఆర్డర్ ట్రిక్ అడగమన్నాను, తెల్లది తప్ప ఏదీ రాదన్నారు. "బావా, ఇంకో మూడు నాలుగు నెలల్లో కొత్తది వచ్చేటట్టే ఉంది" అని చెప్పాను. నేను అనుకున్నది, అతను ఆగుతాడని.

"వస్తే రానీ" అన్నాడు. అక్కకు ఏడో నెల. బావ రోజూ ఉట్నూర్ పోయి వస్తాడు, రాత్రిపూట ఏదన్నా అయితే బండి కోసం ఎవరి ఇంటి ముందూ నిలబడదలుచుకోలేదు. పదేళ్లు నడుపుతా, అమ్మేది లేదన్నాడు. దాంట్లో ఎయిర్‌బ్యాగ్‌లు ఆరు ఎలాగూ ఉన్నాయి, లేనిది పెద్ద స్క్రీన్ ఒక్కటే. అయితే కొత్తది వస్తున్నట్టు తనకు తెలుసన్న సంగతి షోరూంలో నేరుగానే చెప్పాడు. 55 వేలు కాస్తా 72 వేలైంది, రిటర్న్ టు ఇన్వాయిస్ కూడా వాళ్లతోనే వేయించాడు, పోయిన నెలలో తయారైన బండే కావాలని పట్టుబట్టాడు.

నిన్న రసీదు ఫోటో వాట్సాప్‌లో పంపాడు. కింద ఒక లైన్ రాశాడు: "కొత్తది లాంచ్ అయిన రోజు మాత్రం నాకు లింక్ పంపకు బామ్మర్దీ."